మున్సిపాలిటీలో కలిపే ముందు తండాను అడగాలి

జూన్ నెల వచ్చిందంటే మా హాస్టల్‌లో వారం రోజులు ఒకటే పని, దరఖాస్తులు నింపడం. పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, కులం, చిరునామా. కొన్నేళ్ల కింద ఒక తండ్రి ఆ చిరునామా దగ్గర ఆగిపోయాడు. "మేడం, మొన్నటిదాక ఫలానా ఊరి శివారు తండా అని రాసేది. ఇప్పుడు మమ్మల్ని మున్సిపాలిటీల కలిపిండ్రు. ఇగ తండా పేరు రాయాల్నా, వార్డు నంబరు రాయాల్నా?" అని అడిగాడు. నేను రెండూ రాశాను. దరఖాస్తు పని అయిపోయింది గాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తండా ఎవరి కింద ఉండాలి? ఆ సంగతి ఎవరు తేల్చాలి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పట్టణాల పక్కన ఉన్న ప్రతి తండాకూ ఈ ప్రశ్న ఎదురైంది, ఎదురవుతూనే ఉంటుంది. అందుకే ఈ ప్రత్యేక సంచికలో దాని చరిత్రను నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

శివారు తండా అనే పేరు

మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగినవాళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతిన్నది. ఎక్కడ నీళ్లు, మేత, కాస్త బీడు భూమి దొరికితే అక్కడ తండాలు నిలిచిపోయాయి. మన ప్రాంతంలో అప్పటికే గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఉన్నాయి. ఊళ్లకు పేర్లు, సరిహద్దులు, పటేల్ పట్వారీలు ఉన్నారు. తర్వాత వచ్చిన తండా వాళ్ల లెక్కల్లో ఊరు కాలేదు, ఏదో ఒక ఊరి శివారుగానే మిగిలింది.

తండా లోపల మాత్రం పాలన ఉండేది. నాయక్, కార్‌భారి పెద్దలతో కూర్చుని తగాదాలు తీర్చేవారు. పండుగలు, పెళ్లిళ్లు, తప్పు ఒప్పులు అన్నీ అక్కడే తేలేవి. కాని బయటి ప్రభుత్వానికి ఆ పాలన కనిపించలేదు. స్వాతంత్ర్యం తర్వాత పంచాయతీలు వచ్చినా తండాకు దక్కింది పెద్ద ఊరి పంచాయతీలో ఒక వార్డు, మహా అయితే రెండు. సర్పంచ్ పెద్ద ఊరి మనిషి, ఆఫీసు పెద్ద ఊళ్లో, బోరు ముందు పడేది కూడా అక్కడే. తండా బోరు చెడిపోతే వార్డు మెంబరు పొలాల గట్ల మీద నడిచి పోయి బతిమాలుకోవాలి. 1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. చదువులోనూ ఉద్యోగాల్లోనూ దారి తెరుచుకుంది. ఊరి పాలనలో మాత్రం తండా శివారుగానే ఉండిపోయింది. 'మా తండాలో మా రాజ్యం' అనే నినాదం పుట్టింది ఆ బాధలోంచే.

2018: ఒకే ఏడాది రెండు మార్పులు

2018 మార్చిలో శాసనసభ తెలంగాణ పంచాయతీరాజ్ చట్టాన్ని ఆమోదించింది. అంతకు ముందు రాష్ట్రంలో 8,368 గ్రామ పంచాయతీలు ఉండేవి. కొత్తగా 4,383 కలిసి మొత్తం 12,751 అయ్యాయి. 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు పంచాయతీలు కావడం అందులో ముఖ్యమైన భాగం. జనమంతా గిరిజనులే అయిన పంచాయతీలో సర్పంచ్, వార్డు సభ్యుల పదవులన్నీ ఎస్టీలకే దక్కాయి. 2018 ఆగస్టు 2న ఇవి అమలులోకి వచ్చాయి. 2019 జనవరిలో ఎన్నికలు జరిగి, జీవితమంతా పొలం పని చేసిన ఆడవాళ్లు కూడా సర్పంచ్ కుర్చీలో కూర్చున్నారు. అయితే ఈ వెలుగు అందరికీ అందలేదు. నల్లమలలోని చెంచు పెంటలు చిన్నవి, 500 లెక్కకు చాలా దూరం. వాటిలో చాలావాటికి సొంత పంచాయతీ ఇప్పటికీ అందని మాటే.

అదే ఏడాది రెండో మార్పు జరిగింది. రాష్ట్రంలో 68 కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి. మన వైపు కొత్తకోట, పెబ్బేరు, ఆత్మకూరు, అమరచింత, అలంపూర్, వడ్డేపల్లి ఆ వరసలోవే. పట్టణం పెరిగే కొద్దీ పక్క ఊళ్లు, వాటితో పాటు వాటి శివారు తండాలు పట్టణంలో చేరాయి. డెబ్బై ఏళ్లు ఎదురుచూసిన సొంత పంచాయతీ కొన్ని తండాలకు వచ్చింది. పట్టణానికి దగ్గరగా ఉన్న కొన్నింటికి రాకముందే చేజారింది. ఒకప్పుడు పెద్ద ఊరికి శివారు, ఇప్పుడు పట్టణానికి శివారు.

కలిస్తే ఏం మారుతుంది?

మొదటిది కూలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు పడ్డ వలసలను ఎంతో కొంత ఆపినది ఈ పనే. అది గ్రామీణ ప్రాంతాలకు మాత్రమే. ఏడాదికి 100 రోజుల పని అన్న ఆ చట్టం స్థానంలో 2025 చివర 125 రోజులతో వచ్చిన కొత్త చట్టం కూడా గ్రామాలకే. ఊరు మున్సిపాలిటీ అయిన రోజు నుంచి జాబ్ కార్డుకు విలువ లేదు. పైన చెప్పిన తండ్రి మరుసటి ఏడు పిల్లను హాస్టల్‌లో దింపి భార్యతో కలిసి హైదరాబాద్ అడ్డా మీదికి పోయాడు. దసరా సెలవులకు ఆ పిల్ల ఇంటికి పోదామంటే ఇంటికి తాళం. సెలవులన్నీ అమ్మమ్మ దగ్గరే గడిపింది. మా దగ్గర ఇలాంటి పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు.

రెండోది సభ. గ్రామసభలో ఓటరు ప్రతి ఒక్కరూ సభ్యులే. ఎవరైనా లేచి లెక్క అడగవచ్చు. పట్టణంలో అలాంటి సభ లేదు. రాజ్యాంగం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న పట్టణాలకే. 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలన్నది. అవి ఎంపిక చేసిన కమిటీలు. తండా జనమంతా కూర్చునే సభతో అవి సమానం కావు.

మూడోది పదవి. ఒక లెక్క చూద్దాం. 600 మంది ఉన్న తండా సొంత పంచాయతీ అయితే నూటికి నూరు మంది మనవాళ్లే. అదే తండా 20,000 మంది ఉన్న పట్టణంలో కలిస్తే నూటికి ముగ్గురు. వార్డుల హద్దులు గీసేటప్పుడు తండాను రెండు ముక్కలు చేస్తే కౌన్సిలర్ కూడా మనవాడు కాడు. 2020 ఎన్నికలప్పుడు రాష్ట్రంలోని 120కి పైగా మున్సిపాలిటీల్లో ఎస్టీలకు దక్కిన చైర్‌పర్సన్ పదవులు నాలుగు. మన మూడు జిల్లాల్లో ఒక్కటీ లేదు. ఇంకో సంగతి, పట్టణంలో కలిసిన వాళ్లకు ఎంపీటీసీ, జడ్పీటీసీ ఓటు కూడా ఉండదు.

కలవాలనే వాళ్ల మాట

ఇదంతా చదివి కలవడమే తప్పు అనుకోవద్దు. కలవాలనే వాళ్ల మాటలోనూ బలం ఉంది. తండా పంచాయతీకి ఇంటి పన్ను ఎంత వస్తుంది? ట్రాక్టర్ డీజిల్‌కు, కరెంటు బిల్లుకే అది చాలదు. 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు ముగిశాక 2025 డిసెంబరు దాకా ఎన్నికలు లేవు. దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారులే నడిపారు. సొంత రాజ్యం అన్నది ఆ రెండేళ్లు కాగితం మీదే ఉంది. అయితే పట్టణాల సంగతీ అంతే. ఎక్కువ మున్సిపాలిటీలకు 2025 జనవరిలో గడువు తీరి అధికారుల పాలన వచ్చింది.

నా హాస్టల్ పిల్లలను అడిగితే పదో తరగతి వాళ్లు చాలామంది పట్టణమే కావాలంటారు. వీధి దీపాలు, కాలేజీకి దగ్గర, రాత్రి పూట కాన్పుకు ఆటో దొరకడం, ఇవి ఆడపిల్లకు చిన్న సంగతులు కావు. పన్ను భయం కూడా కొంత ఎక్కువే చెప్తారు. 2019 చట్టం ప్రకారం 75 గజాల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలే. పొద్దున్నే పట్టణానికి పోయి పని చేసుకుని రాత్రికి తిరిగి వచ్చే కుటుంబాలే ఎక్కువగా ఉన్న తండాకు మున్సిపాలిటీలో కలవడం మేలు కావచ్చు. కందులు, పత్తి, వేరుశనగ పండించుకునే తండా సంగతి వేరు. రాజ్యాంగం 243క్యూ అధికరణం కూడా పట్టణ ప్రాంతాన్ని నిర్ణయించేటప్పుడు జనాభా, జనసాంద్రత, ఆదాయంతో పాటు వ్యవసాయేతర పనుల్లో ఎంత శాతం ఉన్నారో చూడమన్నది. మనం అడగవలసింది కూడా అదే. మా తండాలో ఎంతమంది నాగలి వదిలేశారు?

అడిగిన చోట, అడగని చోట

విలీనాల చరిత్ర చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కలపడం కన్నా అడగకుండా కలపడమే ఎక్కువ గాయం చేసింది. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను వేరుగా ఉంచమన్నది. 1961 ఎన్నికల తర్వాత ఇక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమన్నది. అంతదాకా ఆగకుండా 1956లోనే కలిపారు. ఆ తర్వాత 1969లో, మళ్లీ 2014 దాకా ఏం జరిగిందో మనకు తెలుసు.

పట్టణాల్లోనూ విలీనాలు కొత్తవి కావు. సొంత కార్పొరేషన్ ఉన్న సికింద్రాబాద్‌ను 1960లో హైదరాబాద్‌తో కలిపారు. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్ఎంసీ అయింది. 2025 చివర శివారులోని మరో 27 పట్టణ సంస్థలు అందులో చేరాయి. కెనడాలోని మాంట్రియల్ నగరంలో 2002లో చుట్టుపక్కల పట్టణాలన్నిటినీ కలిపేశారు. జనం ఒప్పుకోకపోతే 2004లో ఓటు పెట్టారు. 15 పట్టణాలు 2006 జనవరి నుంచి మళ్లీ వేరు పడ్డాయి. మిగతావి కలిసే ఉన్నాయి. ఎవరికి ఏది మేలో వాళ్లే చెప్పారు.

అంత దూరం ఎందుకు, మన గద్వాలనే చూడండి. 2016 ఆగస్టు ముసాయిదాలో గద్వాల జిల్లా లేదు. వనపర్తి జిల్లాలో కలవాల్సి ఉంది. జనం ఒప్పుకోలేదు. బంద్‌లు, దీక్షలు జరిగాయి. చివరికి అక్టోబరు 11న వనపర్తి, నాగర్‌కర్నూల్‌తో పాటు జోగులాంబ గద్వాల కూడా జిల్లా అయింది. ఒక పట్టణం మమ్మల్ని పక్క పట్టణం కింద పెట్టొద్దు అంటే ప్రభుత్వం విన్నది. 600 మంది ఉన్న తండా అదే మాట అంటే వినాలి కదా.

చట్టం ఎక్కడ అండగా ఉంది?

షెడ్యూల్డ్ ప్రాంతాలకు ఒక రక్షణ ఉంది. 243జెడ్‌సి అధికరణం ప్రకారం పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప పట్టణ స్థానిక సంస్థల భాగం అక్కడ వర్తించదు. పంచాయతీల విషయంలో 1996లో పీసా చట్టం వచ్చింది. పట్టణాల కోసం 2001లో బిల్లు పెట్టారు గాని చట్టం కాలేదు. పాల్వంచలో ఈ చిక్కు వల్లనే దశాబ్దాల పాటు మున్సిపల్ ఎన్నికలు జరగలేదు. 2025లో దాన్ని కొత్తగూడెంతో కలిపి కార్పొరేషన్ చేశారు. మన వైపు ఈ రక్షణ నల్లమల లోపలి గ్రామాలకే. మైదానంలోని మన తండాలకు అది లేదు. గ్రామసభ ఒప్పుకుంటేనే కలపాలన్న నిబంధన మనకు రావాలి. మన సంఘాలు ముందుగా అడగవలసిన మాట ఇదే.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని చేద్దాం. విలీనం మాట వినబడగానే గ్రామసభ పెట్టాలి. వలస పోయిన వాళ్లు తిరిగి వచ్చే ఉగాది, దసరా రోజుల్లో అయితే ఇంకా మంచిది. ఆడవాళ్లు వచ్చి మాట్లాడాలి, ఎందుకంటే నీళ్ల బిందె, కూలి పని రెండూ వాళ్లవే. వద్దంటే ఎందుకు వద్దో, కావాలంటే ఏ షరతుల మీద కావాలో తీర్మానంలో రాయాలి. తండా అంతా ఒకే వార్డులో ఉండాలి. ఉపాధి పని పోతే దాని బదులు ఏమిస్తారో ముందే చెప్పాలి. తండా పేరు రికార్డుల్లోంచి పోకూడదు. తీర్మానం నకలు ఒకటి తండాలోనే ఉంచుకోవాలి. వార్డుల ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. చదువుకున్న పిల్లలు ఆ రోజుల్లో మేలుకొని ఉండాలి.

ఆ తండ్రి కూతురు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. మొన్న సర్టిఫికెట్ కోసం వచ్చి ఫారం తనే నింపుకుంది. చిరునామా దగ్గర వార్డు నంబరు రాసి, దాని ముందు తండా పేరు రాసింది. "రెండూ రాయమని మీరే చెప్పిండ్రు కదా మేడం" అన్నది.