ప్యానెల్ వీపు మీది రాతకు ఒక వ్యాఖ్య

మెతుకుసీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చుకున్నాడు. ఆ మాటను తలచుకునే ఈ పనికి దిగుతున్నాను. నా మూలగ్రంథం చాలా చిన్నది: క్యారవాన్ కప్పుకెక్కే సోలార్ ప్యానెల్ వెనక అతికించిన లేబుల్. పది పన్నెండు పంక్తులుంటాయి. ఒకసారి బిగించాక ఆ రాత కప్పు వైపుకు తిరిగిపోతుంది, మళ్లీ ఎవరికీ కనబడదు. బిగించక ముందే చదవాలి.

మస్కట్‌లో క్యారవాన్లకు ప్యానెళ్లు బిగించే మా షెడ్డుకు జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, మొదటిసారి మీటర్ పట్టి చూసిన రోజున నన్ను పిలిచాడు.

"అన్నా, దీని మీద రెండొందల వాట్లని రాసుంది గదా. మీటర్ల నూటఅరవై దాటుతలేదు. డూప్లికేట్ మాలా?"

"మాలు మంచిదే తమ్ముడూ. ఆ రెండొందలు ఏ ఎండకు రాశారో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదువు."

ఈ వ్యాఖ్య అంతా ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబే.

ఎస్‌టిసి. లేబుల్‌లో అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే, ముందు చదవాల్సిందీ ఇదే. పైనున్న అంకెలన్నీ ప్రయోగశాలలో తీసినవని దీని అర్థం. అక్కడ వెలుగు చదరపు మీటరుకు 1000 వాట్లు, సెల్ వేడి 25 డిగ్రీలు. వెలుగు షరతుకు ఒమన్‌లో లోటు లేదు. రెండో షరతు దగ్గరే చిక్కంతా. 25 డిగ్రీలు ఉండాల్సింది గాలి కాదు, గాజు కింద ఎండకు కాగే నల్లటి సిలికాన్. మస్కట్‌కు దక్షిణాన సముద్రం ఒడ్డునున్న ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న రాత్రింబవళ్లు కలిపి వేడి 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. అర్ధరాత్రి గాలే లేబుల్ చెప్పిన వేడిని 17 డిగ్రీలు దాటిపోయిన చోట, మధ్యాహ్నం ప్యానెల్ సంగతి ఊహించుకోవచ్చు.

ఎన్‌ఓసిటి, 45 డిగ్రీలు. గాలి 20 డిగ్రీలు, వెలుగు 800 వాట్లు, కొద్దిపాటి గాలి వీస్తున్నప్పుడు సెల్ ఎంత కాగుతుందో చెప్పే అంకె ఇది. గాలి కంటే 25 డిగ్రీలు ఎక్కువన్నమాట. నిండు ఎండకు అది 30 దాటుతుంది. గాలి 40 ఉంటే సెల్ 70 అని లెక్క వేసుకుంటే చాలు.

ఉష్ణోగ్రతా గుణకం, మైనస్ 0.35 శాతం. మూలం మొత్తంలో ఒమన్‌కు పనికొచ్చే పంక్తి ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను. 25 దాటిన ప్రతి డిగ్రీకీ శక్తిలో వందకు 0.35 వంతు పోతుంది. సెల్ 70 దగ్గర ఉంటే 45 డిగ్రీలు ఎక్కువ, 45ను 0.35తో గుణిస్తే 15.75 శాతం. 200 వాట్లలో 168 మిగులుతుంది. తీగలో కొంత, దుమ్ములో కొంత పోతే కుర్రాడి మీటర్ చూపించిన నూటఅరవై అక్కడే తేలుతుంది.

వేడి తగ్గించే ఉపాయం బిగింపులోనే ఉంది. ప్యానెల్‌ను కప్పుకు ఆనించకూడదు. అడుగున మూడు నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలితే గాలి ఆడుతుంది. వంగే పల్చటి ప్యానెల్‌ను జిగురుతో నేరుగా కప్పుకు అంటించమని అడిగేవాళ్లున్నారు, చూపుకు అందంగా ఉంటుందని. దాని కింద గాలికి దారే లేదు. వేడి అటు ప్యానెల్‌ను, ఇటు క్యారవాన్ లోపలిని కూడా కాలుస్తుంది. నేనైతే వద్దనే చెబుతాను. సందు వదిలితే మరో జాగ్రత్త ఉంది: సలాలాకు పోయే హైమా దారిలో ఎదురుగాలికి బండి వేగంగా పోతున్నప్పుడు అదే సందులోకి గాలి దూరి ప్యానెల్‌ను పైకి లేపబోతుంది. ముందువైపు అంచుకు ఆ చివర నుంచి ఈ చివర దాకా బ్రాకెట్ ఉండాలి. కప్పుకు తొలిచిన ప్రతి రంధ్రం సీలెంట్‌తో నిండాలి, ఆ సీలెంట్ పూర్తిగా ఆరాకే బండి కదలాలి.

విఓసి, 24.3 వోల్టులు. ఏమీ తగిలించకుండా ఊరికే కొలిస్తే వచ్చే వోల్టేజి. వేడికి ఇదీ తగ్గుతుంది. కానీ చలికి పెరుగుతుందన్న సంగతి ఎండదేశంలో ఉండి ఉండి మనవాళ్లు మరిచిపోతారు. ఒమన్‌లో చలి లేదా? జబల్ షమ్స్ ఎత్తు మూడు వేల మీటర్లు. శీతకాలపు రాత్రి అక్కడ నీళ్లు గడ్డకడతాయి. ఇలాంటి ప్యానెళ్లు రెండు సీరీస్‌లో కలిపితే లేబుల్ ప్రకారం 48.6 వోల్టులు. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జ్ కంట్రోలర్ మీద 50 వోల్టుల దాకా అని ఉంటే సరిపోయిందనుకుంటాం. మస్కట్‌లో నిజంగానే సరిపోతుంది. ఆ బండే కొండెక్కి, సున్నా డిగ్రీల తెల్లవారుజామున మొదటి ఎండ పడిందనుకోండి. ఈ వోల్టేజి గుణకం డిగ్రీకి 0.27 శాతం; 25 డిగ్రీల తేడాకు దాదాపు 7 శాతం పెరిగి వోల్టేజి 51.9కి చేరుతుంది. కంట్రోలర్ అక్కడే కాలిపోవచ్చు. సామాను ఎంచేటప్పుడు ఆ బండి వెళ్లబోయే చోట్లలో అతి చల్లని చోటును లెక్కలోకి తీసుకోవాలి.

విఎంపి 20.4, ఐఎంపి 9.8. పని చేసేటప్పటి వోల్టేజి, కరెంటు. రెండూ గుణిస్తే ఆ 200 వస్తుంది. 70 డిగ్రీల సెల్‌కు వోల్టేజి 17.2కు దిగుతుంది. 12 వోల్టుల లిథియం బ్యాటరీ నిండడానికి 14.4 కావాలి కాబట్టి ఇంకా ఊపిరి ఉంది, తీగ సన్నగా లేకుంటే. పీడబ్ల్యుఎం కంట్రోలర్ ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజికే లాగి కట్టేస్తుంది. ఎంపిపిటి ఆ మిగులు వోల్టేజిని కరెంటుగా మార్చి ఇస్తుంది. రేటు ఎక్కువైనా రెండోదే కొనిపిస్తాను.

సీరీసా, ప్యారలలా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. శర్ఖియా ఇసుకల అంచున గాఫ్ చెట్లుంటాయి. అది మన జమ్మి చెట్టే, పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు. ఇక్కడి ఎడారిలో ఒంటెలకూ మనుషులకూ అదే నీడ. బండి వచ్చి ఆ నీడకే ఆగుతుంది, ఆగాలి కూడా. నీడ ఒక ప్యానెల్ మీద పడితే ప్యారలల్‌లో రెండోది తన పని తాను చేసుకుపోతుంది. సీరీస్‌లో ఉంటే బైపాస్ డయోడ్లు కాపాడినా వోల్టేజి సగానికి పడిపోతుంది. క్యారవాన్ కప్పు మీద ఏసీ పెట్టె, దాని నీడ ఎలాగూ ఉంటాయి. రెండు ప్యానెళ్లయితే నేను ప్యారలల్ వైపే మొగ్గుతాను, కొండ మీది వోల్టేజి భయం కూడా దాంతో పోతుంది. బదులుగా తీగ లావుగా ఉండాలి. ఆరు మీటర్ల దూరానికి, పోను రాను పన్నెండు మీటర్లలో 20 ఆంపియర్లు పారితే 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఒక వోల్టు పైన పోతుంది. 6 అయితే 0.7. ఎండకు కాగిన రాగికి నష్టం ఇంకా ఎక్కువ. తీగ దగ్గర డబ్బు మిగుల్చుకోకూడదు.

ఐఎస్‌సి 10.4, గరిష్ఠ ఫ్యూజ్ 20 ఆంపియర్లు. మొదటిది ప్యానెల్ రెండు మొనలూ నేరుగా కలిపితే పారే కరెంటు. ఈ రెండు పంక్తులనూ కలిపి అన్వయించుకోవాలి. ప్యానెళ్లు రెండు ప్యారలల్‌లో ఉండి ఒకటి లోపల షార్ట్ అయితే, రెండోది దానిలోకి 10.4 ఆంపియర్లే తోయగలదు. చెడినది 20 దాకా ఓర్చుకోగలదు కాబట్టి ప్యానెల్‌కో ఫ్యూజ్ అక్కరలేదు. మూడోది చేర్చారా, చెడినదాని మీదికి 20.8 వచ్చిపడుతుంది. అక్కడి నుంచి ప్రతి ప్యానెల్‌కూ ఫ్యూజ్ తప్పదు.

అంతకంటే పెద్ద ప్రమాదం బ్యాటరీ వైపుంది, దాని గురించి ఈ లేబుల్ ఏమీ చెప్పదు. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే క్షణంలో వేల ఆంపియర్లు విడుస్తుంది. ప్లస్ మొనకు జానెడు దూరంలోనే ఫ్యూజ్ ఉండాలి, క్లాస్ టి రకమైతే మేలు. 1000 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల దగ్గర 90 ఆంపియర్లు దాటి లాగుతుంది. దానికి 25 నుంచి 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ కావాలి. బ్యాటరీని ఎండ తగిలే బయటి పెట్టెలో పెట్టొద్దు. లోపల, కిందుగా, ఇరుసుకు దగ్గరగా ఉంటే వేడి తగ్గుతుంది, బండి బరువు కూడా కుదురుగా ఉంటుంది.

పీమాక్స్, 200 వాట్లు. అందరూ మొదట చదివే పంక్తిని కావాలనే వెనక్కి నెట్టాను. ఇది ఒక క్షణపు మాట. ఇంటివాళ్లకు కావలసింది రోజుకు ఎంత అన్నది. రెండు ప్యానెళ్లు, 400 వాట్లు, రోజుకు ఐదున్నర గంటల నిండు ఎండ, అందులో ముప్పావు వంతు చేతికొస్తుందనుకుంటే 1650 వాట్‌గంటలు. చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, దీపాలు, నీళ్ల పంపు, ఫోన్లు, వీటికి 1200 చాలు. ఏసీకి చాలదు. కిలోవాటు లాగే ఏసీ రాత్రంతా నడవాలంటే జనరేటర్ కావాలని అర్బాబ్‌కు, అంటే బండి యజమానికి, ముందే చెప్పేయాలి.

దుమ్ము సంగతి. అమల్ చమురు క్షేత్రంలోని మిరాహ్ సౌర ప్రాజెక్టులో అద్దాలన్నీ గాజు ఇళ్ల లోపల ఉంటాయి, ఆ ఇళ్ల కప్పును యంత్రాలు కడుగుతాయి. ఇసుకగాలికి భయపడే అలా కట్టారు. క్యారవాన్‌కు అంత లేదు, మెత్తటి తడిగుడ్డ ఉంది. తీరం వెంట రాత్రి పడే మంచు దుమ్మును బురదపొరగా అతికిస్తుంది. తెల్లవారుజామున తుడవాలి, మిట్టమధ్యాహ్నం కాగిన గాజు మీద చన్నీళ్లు పోయొద్దు.

ఖరీఫ్ గురించి చెప్పకుండా ఈ పంక్తిని దాటలేను. జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాకా సలాలా కొండలు మబ్బులో, తుంపరలో మునిగి పచ్చబడతాయి. ఒమన్ కుటుంబాలు బండ్లు కట్టుకుని ఆదమ్, హైమా, తుమ్రైత్ మీదుగా వెయ్యి కిలోమీటర్లు పోయేది ఆ మూడు నెలల్లోనే. అంటే క్యారవాన్‌కు పని ఎక్కువ ఉన్న రోజుల్లోనే ప్యానెల్‌కు ఎండ తక్కువ. తుమ్రైత్ దగ్గర మండే ఎండ, కొండ దిగేసరికి పట్టపగలే మసక. అందుకని లాగే కారు ఆల్టర్నేటర్ నుంచి డీసీ-డీసీ చార్జర్ ఒకటి తప్పక పెట్టిస్తాను. దారి పొడుగునా బ్యాటరీ నిండి, సలాలా చేరేసరికి రెండు రోజుల నిల్వ చేతిలో ఉంటుంది.

లోడ్ ఉండగా విడదీయరాదు. చివరి పంక్తి, పక్కన మెరుపు బొమ్మ. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి నిప్పురవ్వ పుట్టినా ఆరిపోతుంది. డీసీకి ఆ ఆగడం లేదు. కరెంటు పారుతుండగా ఎంసీ4 కనెక్టర్ ఊడబీకితే మంట సాగి చెయ్యి కాలుస్తుంది. ప్యానెల్‌కు స్విచ్ లేదు, ఎండ ఉన్నంతసేపూ అది బతికే ఉంటుంది. డీసీ రేటింగ్ ఉన్న బ్రేకర్‌నే వాడాలి. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ.

జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదని ఒమన్ చట్టం. ఆ కుర్రాడికి మొదటిరోజే రెండూ చెప్పాను: ఆ మూడు గంటలూ కప్పెక్కొద్దు, ఎక్కిన పూట ప్యానెల్ మీద మందపాటి దుప్పటి కప్పకుండా తీగ ముట్టుకోవద్దు. ఇప్పుడతని సంచిలో మీటర్, క్రింపర్‌తో పాటు మడతపెట్టిన దుప్పటి కూడా ఉంటుంది.