బొగ్గు ఇంజను పెంచిన ఊరు

నెల్లూరు జిల్లాలోని బిట్రగుంట ఒకప్పుడు పేరున్న రైల్వే ఊరు. 1899లో బెజవాడ, మద్రాసులను కలుపుతూ రైలు మార్గం ఏర్పడింది. ఆవిరి ఇంజనుకు దారి మధ్యలో నీళ్లు, బొగ్గు, మరమ్మతు కావాలి. డ్రైవరు, ఫైర్‌మాన్ డ్యూటీ మారాలి. అందుకే ఇక్కడ లోకోషెడ్డు, దాని వెంటే క్వార్టర్లు వెలిశాయి. షెడ్డు జీతాలే ఊరికి ఆధారం.

డీజిలు వచ్చింది. 1980 నాటికి ఆ లైనుకు కరెంటూ వచ్చింది. కొత్త ఇంజన్లకు బొగ్గుతో పనేముంది? ఆవిరి షెడ్డు మూతబడింది, చాలా కుటుంబాలు బదిలీల మీద తరలిపోయాయి. స్టేషను ఇప్పటికీ ఉంది, ఆ సందడే లేదు.

ఆ ఊరు చేసిన తప్పేమీ లేదు. ఒక్క పనినే నమ్ముకుంది, అంతే. మనలోనూ తాతల నాటి పనినే నమ్ముకున్న ఇళ్లెన్నో. ఆ పనితోపాటు పిల్లలకు మరో విద్య కూడా నేర్పిద్దాం.