ఆకులో నీళ్ళు, ఆకాశంలో రాడారు

శ్రీహరికోట అనగానే అందరికీ రాకెట్లే గుర్తొస్తాయి. కానీ అది మొదట్నుంచీ అడవి. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఇసుక దీవి. (మనకి నెల్లూరు జిల్లాగానే అలవాటు గానీ, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది.) 1969లో రాకెట్ల కోసం ఈ చోటు ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి ఎగిరింది. అక్కడి యానాదులకి ఆ అడవే ఇల్లూ, మందుల కొట్టూను. వాళ్ళలో చాలామందిని దీవి నుంచి తరలించారు.

చిత్రమేమిటంటే, అడవుల్ని పైనుంచి చదివే మన రాడార్లు లేచిందీ ఇక్కణ్ణుంచే. మామూలు కెమెరా ఉపగ్రహానికి మబ్బు పడితే ఇక కళ్ళు లేనట్టే. నెల్లూరు తీరానికి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే చెట్లు పచ్చబడే రోజుల్లోనే మబ్బులూను. మైక్రోవేవ్‌కి మబ్బూ, చీకటీ లెక్కలేదు.

ఇంతకీ రాడారు చూసేది ఆకు రంగుని కాదు, ఆకులో నీటిని. కెపాసిటర్ల పాఠంలో డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్ అని బట్టీ పట్టాం, గుర్తుందా? నీటికది దాదాపు 80, ఎండుకట్టెకి రెండో మూడో. పచ్చి ఆకు ఈ రెంటికీ మధ్య. నీరు ఎక్కువైతే తిరిగొచ్చే తరంగం బలపడుతుంది. అందుకే వాన పడ్డాక అదే తోట వేరేగా కనిపిస్తుంది, కట్టె ఒక్క కిలో కూడా పెరక్కపోయినా!

తరంగం పొడవూ ముఖ్యమే. 2009 ఏప్రిల్లో వెళ్ళిన రిశాట్-2ది 3 సెంటీమీటర్ల ఎక్స్‌బ్యాండు. ముంబై దాడుల తర్వాత ఇజ్రాయెల్ రాడారుతో హడావుడిగా పంపారు, అడవుల కోసం కాదు లెండి. 2012 ఏప్రిల్ 26న వెళ్ళిన రిశాట్-1ది ఐదున్నర సెంటీమీటర్లు. అది కూడా చాలావరకు పైకొమ్మల దగ్గరే చెదిరిపోతుంది. సరుగుడు తోటలో కట్టె ఎంతుందో తెలియాలంటే మాను దాకా దిగాలి కదా. 2025 జూలై 30న వెళ్ళిన నైసార్‌లో నాసా ఇచ్చిన ఎల్‌బ్యాండు 24 సెంటీమీటర్లు, అది దిగుతుంది. దానికీ హద్దుంది. హెక్టారుకి 100 టన్నులు దాటితే లెక్క తడబడుతుంది.

కాబట్టి పెరిగింది కట్టెనా, నీరా అని తేల్చడానికి ఎవరో ఒకరు నేలమీద టేపు పట్టుకుని మాను చుట్టుకొలత తీయాల్సిందే, ఏ చెట్టు ఏదో గుర్తుపట్టాల్సిందే. శ్రీహరికోట వరకైతే ఆ పనికి ముందు పిలవాల్సింది, మంచి జీతమిచ్చి మరీ పిలవాల్సింది, ఆ యానాదుల పిల్లల్నే అని నా అభిప్రాయం.