వేరే రాశి

ఆ డొక్క ఇలా ఎగదొయ్యి బాబూ, పొగొచ్చేస్తోంది. తడి డొక్కకి పొగే ఎక్కువ. కింద రెండు ఎండు కమ్మలు పెట్టు. ఆఁ, అలా. భోగి ఇంకా రెండు రోజులుంది గానీ, ఈ సముద్రపు గాలికి చలి ముందే వచ్చి కూర్చుంది.

పొద్దున్న నువ్వు అడిగావు చూడు, "మామ్మా, నీ ఖర్చులకి నెలకెంత పంపమంటావు?" అని. నాకేమీ వద్దురా అంటే నీ మొహం చిన్నబోయింది. అది కోపంతో అన్న మాట కాదు. ఎందుకన్నానో చెప్తాను, కూర్చో. చెల్లెల్ని కూడా పిలు. ఇది దానికింకా బాగా కావాల్సిన ముచ్చట.

నేను ఈ ఇంటికి కాపురానికొచ్చిన నాలుగో ఏడు, 1971లో, మా మామగారు పంపకాలు పెట్టారు. మీ తాతయ్య, చిన్నతాతయ్య, ఇద్దరే కొడుకులు. పెద్దమనుషులు నలుగురూ ఈ అరుగు మీదే కూర్చున్నారు. కరణంగారు కాగితం రాస్తున్నారు. నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను. పల్లపు చేను ఒకరికి, మెరక ఒకరికి, గేదెలు చెరొకటి, ఇలా చెప్పుకుంటూ వచ్చి, చెరువు గట్టు పక్క అరెకరం కొబ్బరితోట దగ్గర ఆయన ఆగిపోయారు. "ఇది పంచకండి. ఇది మా మనోవర్తి. మేమున్నంతకాలం ఫలసాయం మాది. ఒకరు పోతే రెండో వాళ్లది. ఇద్దరం పోయాక పిల్లలు చెరిసగం చేసుకుంటారు" అన్నారు.

మీ తాతయ్యకి పౌరుషం వచ్చింది. "మేం రెండు ముద్దలు పెట్టలేమనా నాన్నా?" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. "పెడతారు. పెట్టింది తింటాం. కానీ మీ అమ్మ నరసింహస్వామి హుండీలో అర్ధరూపాయి వెయ్యాలంటే నీ జేబు వంక చూడకూడదు కదరా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇరవయ్యేళ్ల కోడలిని, నాకేం తెలుసు? పెద్దాయనకి కొడుకుల మీద నమ్మకం లేదు కాబోలు అనుకున్నాను. నమ్మకానికీ దానికీ సంబంధం లేదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ అరెకరంలో ముప్పై చెట్లుండేవి. దేశవాళీవి, పొడుగాటివి. కొబ్బరి సంగతి నీకు తెలుసుగా, వరి చేనులా ఏడాదికోసారో రెండుసార్లో చేతికొచ్చే పంట కాదు. నెలాపదిహేను రోజులకో, రెండు నెలలకో ఒక దింపు. ఏడాదికి ఆరేడు దింపులు. ఎండాకాలం కాయ ఎక్కువ, వానాకాలం తక్కువ, కానీ ఎప్పుడూ ఎంతో కొంత వస్తుంది. ఇప్పుడు మీరు పింఛను అంటున్నారే, అదే అది. దింపు రోజు మా అత్తగారు ముక్కాలిపీట తెచ్చుకుని తోటలో కూర్చునేవారు. మనోవర్తి చెట్ల కాయలు వేరే రాశి పోయించేవారు. పెద్ద రాశిలో కలవనిచ్చేవారు కాదు. ఒలుపువాళ్లకి కూలీ ఆవిడే ఇచ్చేవారు. అంబాజీపేట ధర ఎలా ఉందో కొట్టువాణ్ని అడిగి మరీ అమ్మేవారు. ధర పడిపోతే కాయలు అటక మీద పోయించి, కురిడీ కట్టేదాకా ఆగేవారు. అంత ఓపిక! మొగవాళ్లు ఆగలేక అమ్ముకున్న కాయనే ఆవిడ నెలలు దాచి ఎక్కువకి అమ్మడం నేను కళ్లారా చూశాను.

1988లో మామగారు పోయారు. ఆ తరవాత పదిహేనేళ్లు బతికారావిడ. ఆ పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా నన్ను గానీ, తోటికోడల్ని గానీ రూపాయి అడగలేదు. మాఘమాసంలో నరసింహస్వామి తీర్థం వస్తే, భీష్మ ఏకాదశినాడు రథం చూడ్డానికి వెళ్తూ మనవలందరికీ తలా ఇంత చేతిలో పెట్టేవారు. మీ నాన్ననడుగు, ఆ డబ్బులతో జీళ్లు కొనుక్కున్నవాడే. ఇంట్లో ఏ మాట వచ్చినా "అమ్మనడుగు" అనేవారు మీ తాతయ్య. ఆ మర్యాద వయసుకి ఒక్కదానికే వచ్చిందని నేను అనుకోను.

ఆ పక్క వీధిలో ఇంకో పెద్దాయన ఉండేవాడు. పేరెందుకులే. ఉన్నదంతా ముగ్గురు కొడుకులకీ రాసేశాడు, "నాకెందుకర్రా" అని. పిల్లలు చెడ్డవాళ్లేం కాదు. నెలలో పదేసి రోజులు ఒక్కొక్కరింట్లో భోజనం అని వంతులు పెట్టుకున్నారు. ముప్పయ్యొకటి ఉన్న నెలల్లో ఆ ఆఖరి రోజు ఎవరి వంతో తేలేది కాదు. ఆ రోజు ఆయన గుళ్లో ప్రసాదం తిని సంగమం దగ్గర ఇసకలో కూర్చుని ఉండడం నేను రెండుసార్లు చూశాను. ఇప్పుడైతే 2007లో వచ్చిన చట్టం ఉంది. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే, ఆ రాసిచ్చింది రద్దు చేయించుకోవచ్చు. కానీ కొడుకుల మీద అర్జీ పెట్టడానికి ఏ తండ్రికి చెయ్యాడుతుంది?

నా సంగతికొస్తాను. అప్పట్లో నాకు మనోవర్తీ లేదు, పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లిచ్చిన భూమీ లేదు. ఉన్నదల్లా లేసు సూది. మన రేవు దాటితే నరసాపురం. ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో లేసు అల్లకం ఈనాటిది కాదు, పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన విద్య. సఖినేటిపల్లి రేవులో పంటు దిగి ఏజెంటు దారపు ఉండలు తెచ్చి ఇచ్చేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని, నలుగురం పువ్వులు అల్లేవాళ్లం. ఒకళ్లం పువ్వు, ఒకళ్లం అంచు, ఇంకొకళ్లు అతుకు. అతికాక అది ఎక్కడో దొరల ఇంట్లో బల్ల మీద గుడ్డయ్యేది. మాకొచ్చేది చిల్లర. మీ చెల్లెలు మొన్న చెప్పింది, మరియా మీస్ అని జర్మనీ ఆవిడ నరసాపురం లేసు ఆడవాళ్ల మీద 1982లో పుస్తకం వేసిందట. మేం చేసేది పనే కాదు, ఊసుపోక చేసే కాలక్షేపం అని లోకం లెక్క కట్టడం వల్లే మాకు కూలీ గిట్టలేదని రాసిందట. నిజం రాసింది తల్లి. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని విన్నప్పుడు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా తోటివాళ్లలో చూపు పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో.

ఆ చిల్లర నేను ఇంటి ఖర్చులో కలపలేదు. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నది ఆ ఒక్కటే, వేరే రాశి. పోస్టాఫీసులో ఆర్డీ కట్టాను. నెలకి పది రూపాయలతో మొదలుపెట్టి, ఐదేళ్లకొకటి చేతికొస్తే తీసి మళ్లీ వేసేదాన్ని. 1988లో కిసాన్ వికాస పత్రాలు వచ్చాయి, ఐదున్నరేళ్లకి రెట్టింపు. మొదట్లో మీ తాతయ్యకి కూడా చెప్పలేదు. దొంగతనం కాదు గానీ, చెప్తే ఎరువుల కొట్టు బాకీకి పోతుందని భయం.

1996 నవంబరు 6. దీపావళి నాలుగు రోజులుందనగా తుపాను కొట్టింది. అటు భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ప్రాణాలే పోయాయి. వలకెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరిచెట్లు ఎన్ని పడ్డాయో లెక్కే లేదు. తెల్లారి తలుపు తీస్తే చెరువు గట్టు కనపడింది. అంతకుముందు ఈ గుమ్మంలోంచి గట్టు కనపడేది కాదు, చెట్లు అడ్డం. మా అత్తగారు తడిసిన చీరతోనే వెళ్లి ఒక్కో మొదలూ ముట్టుకుంటూ లెక్కపెట్టారు. ముప్పైలో ఏడు నిలబడ్డాయి. ఆ ఏడింటికీ మొవ్వు తిరిగిపోయి, ఆకులన్నీ ఒక పక్కకే ఉన్నాయి. కొబ్బరిమొక్క పాతితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. అంటే ఏడేళ్లు ఏమీ లేదు. చెట్టే పింఛను అనుకున్న ఇళ్లన్నీ ఆ ఒక్క రాత్రితో రోడ్డున పడ్డాయి.

అప్పుడు బయటపెట్టాను నా పత్రాలు. మీ తాతయ్య వాటిని చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మీ నాన్న చదువు ఆగకుండా ఉండడానికీ, గట్టు మీద మళ్లీ మొక్కలు పాతడానికీ అవే ఆధారం. పాడిగేదె ఒకటి, ఆ పత్రాలు, నా సూది, ఈ మూడింటితో గట్టెక్కాం. మా పక్కింటావిడకి మాత్రం ఆ అదృష్టం లేకపోయింది. ఆవిడవి ఇందిరా వికాస పత్రాలు. వాటి మీద పేరుండదు, నోటు లాంటివి, ఎవరి చేతిలో ఉంటే వాళ్లవి. పైకప్పుతో పాటు పెట్టె పోయింది, పెట్టెతో పాటు అవీ పోయాయి. పోతే మళ్లీ ఇవ్వరు. నావాటి మీద నా పేరుంది కనుక తడిసినా నావే అయ్యాయి. అప్పట్నించీ కాగితం చూస్తే ముందు పేరే చూస్తాను.

చేపల వేటకెళ్లే పల్లిపాలెం వాళ్లది ఇంకో రకం బతుకు. ఒకరోజు వల నిండా, పదిరోజులు ఖాళీ. ఏప్రిల్ 15 నించి రెండు నెలలు వేట నిషేధం. నెలజీతంలా లెక్కపెట్టుకోవడానికి వీలే లేదు. అయినా అక్కడి ముసలమ్మలు ఎండుచేప కుండలకెత్తి పెట్టుకుంటారు చూశావా, రేటు లేనప్పుడు ఎండబెట్టి, ముసురు పట్టినప్పుడు అమ్ముతారు. అదీ దాపుడే కదా.

అమ్మాయ్, ఇది నీకు. మన రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నించి ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌కీ, మస్కట్‌కీ వెళ్లారో నీకు తెలుసు. నా ఈడుకి కొంచెం చిన్నది ఒకావిడ, పద్నాలుగేళ్లు వేరేవాళ్ల పిల్లల్ని పెంచి, వేరేవాళ్ల వంటింట్లో నిలబడి డబ్బు పంపింది. ఇక్కడ మేడ లేచింది, ఆడపిల్లల పెళ్లిళ్లయ్యాయి, తమ్ముడు ఆటో కొన్నాడు. అన్నీ మంచి పనులే. మోకాళ్లు అరిగి తిరిగొచ్చేసరికి ఆవిడ పేరున ఏమీ లేదు. మేడ కాగితం మీద కూడా లేదు. నాతో ఒకసారి అంది, "పిన్నీ, నెలకి వెయ్యి నాకని పక్కన పెట్టుకుని ఉంటే వాళ్లకేం తక్కువయ్యేది కాదు గదా" అని. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు ఆవిడకి వృద్ధాప్య పింఛనే దిక్కు. అది రెండొందల దగ్గర్నించి 2014లో వెయ్యి, 2019లో రెండు వేలు, 2024 జూలైలో నాలుగు వేలు అయింది. ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. పుణ్యమే, కాదనను. కానీ పద్నాలుగేళ్ల కష్టానికి ఆవిడ చేతిలో మిగలాల్సింది అది కాదు.

నువ్వు చెప్పు బాబూ, ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసి బండి కొన్నాను, ఫోను కొన్నాను అంటున్నావట. మీ నాన్న 2004 సెప్టెంబరు 1కి ముందు సర్కారు ఉద్యోగంలో చేరాడు గనక పాత పింఛను వస్తుంది. నీకు అది రాదు. ఆ పీఎఫ్ నీ మనోవర్తి చెట్టు. కాపుకి రాకముందే నరికి పొయ్యిలో పెట్టుకుంటున్నావు. మారిన కంపెనీకి దాన్ని అలాగే పట్టుకెళ్లొచ్చని నీ చెల్లెలే నాకు చెప్పింది. నాకు పంపుదామనుకున్న డబ్బు ముందు అటు మళ్లించు.

నాకు కొరతేం లేదు. మీ తాతయ్య కాలం చేసిన ఏడు, సరుగుడు తోపు కొట్టించిన డబ్బు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో ఉంది. మూణ్ణెల్లకోసారి వడ్డీ వస్తుంది. మా అత్తగారు పోయాక మనోవర్తి పంచుకున్నప్పుడు, చిన్నతాతయ్య కొత్త మొక్కల వైపు తీసుకున్నాడు, ఆ ఏడు చెట్లూ మా వైపుకొచ్చాయి. మీ తాతయ్య అవి నా పేరున రాయించారు. నేను అడగలేదు.

మంట తగ్గిపోయింది, ఇంక లెండి. పొద్దున్నే దింపువాళ్లొస్తారు. నాకు మెలకువ రాకపోతే నువ్వే వెళ్లి చెప్పు బాబూ, గట్టు మీద ఏడు చెట్ల కాయలూ వేరే రాశి పొయ్యమని. ముక్కాలిపీట ఆ గాదె పక్కనుంది, అది కూడా పట్టుకెళ్లు.