గ్రీకు విషాద నాయకుడు – మధుసూదనుని రావణుడు

కోల్‌కతా మహానగరపు నైరుతి భాగంలో, హుగ్లీ రేవులకు చేరువలో, ఏక్‌బాల్‌పూర్, ఖిదిర్‌పూర్ పేటలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. నేడు గిడ్డంగులతో, ఇరుకు వీధులతో కిక్కిరిసిన ఈ ప్రాంతానికి భారతీయ సాహిత్య చరిత్రలో ఒక విశిష్ట స్థానం ఉంది. సదర్ దివానీ అదాలతులో వకీలుగా పేరు గడించిన రాజనారాయణ దత్తుకు ఖిదిర్‌పూర్‌లో ఇల్లుండేది. 1824 జనవరి 25న జెస్సోర్ మండలంలోని సాగర్‌దాడి గ్రామంలో జన్మించిన ఆయన కుమారుడు మధుసూదనుడు బాల్యంలోనే ఆ ఇంటికి వచ్చి, హిందూ కళాశాలలో చదువుకున్నారు. ప్రాచీన గ్రీకుల విషాద దృష్టిని భారతీయ కావ్యంలో తొలిసారిగా సమగ్రంగా ప్రతిష్ఠించిన కవి ఆయనే.

1843లో క్రైస్తవ మతాన్ని స్వీకరించిన మధుసూదనుడు హుగ్లీ ఆవలి ఒడ్డున శిబ్‌పూర్‌లోని బిషప్స్ కళాశాలలో గ్రీకు, లాటిన్ భాషలు అభ్యసించారు. 1848లో మద్రాసు చేరి, ఎనిమిదేళ్లు అక్కడ ఉపాధ్యాయునిగా, పత్రికా రచయితగా జీవించారు. 1849లో మిత్రునికి వ్రాసిన లేఖలో ఆయన తన దినచర్యను వివరించారు. మధ్యాహ్నం పన్నెండు నుండి రెండు వరకు గ్రీకు, రెండు నుండి ఐదు వరకు తెలుగు, సంస్కృతం! వంగ సాహిత్యంలో నూతన యుగాన్ని ఆవిష్కరించిన మహాకవి మద్రాసులో గ్రీకును, తెలుగును ఒకే పూట చదువుకున్నారన్న సంగతి తెలుగువారికి సంతోషదాయకం.

గ్రీకు విషాద నాటకంలో మధుసూదనునికి లభించినదేమిటి? క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాద నాయకుని లక్షణాన్ని నిర్వచించాడు. పరమ ధర్మాత్ముడు పతనమైతే ప్రేక్షకునికి జుగుప్స కలుగుతుంది. పరమ దుర్మార్గుడు పతనమైతే జాలి కలుగదు. ఈ ఇద్దరికీ నడుమ నిలిచే ఉన్నతుడు, ఒక 'హమార్తియా' కారణంగా పడిపోయినపుడే కరుణ, భయం రెండూ జనిస్తాయి. ఈ పదానికి మూలార్థం గురి తప్పడం. క్రైస్తవ గ్రంథాలలో ఇదే పదం పాపమనే అర్థంలో స్థిరపడింది. అనంతర కాలపు విమర్శకులు పలువురు దీనిని శీలంలోని దోషంగా వ్యాఖ్యానించారు. విలుకాని గురి తప్పినంత మాత్రాన అతని బాహుబలం అబద్ధం కాదు. ఆ బలమే బాణాన్ని గమ్యం దాటించి ఉండవచ్చు.

సోఫొక్లీస్ నాటకాలు ఇందుకు నిదర్శనాలు. స్ఫింక్స్ పొడుపుకథ విప్పి థీబ్స్ నగరాన్ని కాపాడిన మేధావి ఈడిపస్. ప్రజలను మహమ్మారి నుండి రక్షించడానికి పూర్వపు రాజును చంపిన హంతకుని వెదుకుతాడు. ఆ అన్వేషణ తనవైపే మళ్లుతున్నా, చాలించమని రాణి బతిమాలినా ఆగడు. ఏ సత్యనిష్ఠ అతనిని రాజును చేసిందో, అదే అతని కన్నులను హరించింది.

క్రీ.పూ. 441 ప్రాంతపు 'ఆంటిగొనీ' నాటకంలోని క్రెయాన్ పాలకులు ప్రత్యేకంగా పరిశీలించదగిన పాత్ర. అంతర్యుద్ధంలో ఛిన్నాభిన్నమైన రాజ్యానికి శాసనమే ఆధారమని అతడు నమ్ముతాడు. ఆ నమ్మకం అధర్మం కాదు. కాని దేశద్రోహి శవానికి అంత్యక్రియలు నిషేధించిన తన ఆజ్ఞను, ఆ శవానికి చెల్లెలైన ఆంటిగొనీ సోదరప్రేమతో ధిక్కరించినపుడు, అతడు ఎవరి మాటా వినడు. వరదకు వంగిన చెట్టే నిలుస్తుందని కుమారుడు హేమన్ హితవు చెబుతాడు. చివరకు అంధ ప్రవక్త హెచ్చరికతో మనసు మార్చుకొని బయలుదేరేసరికి ఆలస్యమైపోతుంది. కుమారుడు, భార్య ఇద్దరూ ప్రాణత్యాగం చేసుకుంటారు.

మన అలంకారికులు నాయకుని ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు మొదలైన భేదాలతో విభజించారు. ఉద్ధతుడైన రావణుడు సాధారణంగా ప్రతినాయకుడే. నాటకాన్ని మంగళాంతం చేయడం సంప్రదాయం. దుర్యోధనుడు రంగస్థలం మీదనే మరణించే 'ఊరుభంగం' వంటి అపవాదం లేకపోలేదు. కాని భాసుని పేర ప్రసిద్ధమైన ఆ రూపకాన్ని గణపతిశాస్త్రి తిరువనంతపురంలో ప్రకటించినది 1912లో. మధుసూదనుడు 1873లోనే కన్నుమూశారు. ఆయనకు ఆదర్శం గ్రీకులే అయ్యారు. గ్రీకు కథలను అరువు తెచ్చుకోక, గ్రీకు కవి అయితే ఎలా వ్రాసేవాడో అలా వ్రాయడానికి యత్నిస్తానని ఆయన మిత్రునికి తెలియజేశారు.

ఆ యత్నానికి ఫలమే 1861లో వెలువడిన తొమ్మిది సర్గల 'మేఘనాదవధ కావ్యం'. కుమారుడు వీరబాహుని మరణవార్త కొలువులో వింటున్న రావణునితో కావ్యకథ మొదలవుతుంది. అతడు వాత్సల్యం నిండిన తండ్రి, శివభక్తుడు, స్వర్ణలంకను తీర్చిదిద్దిన ప్రభువు. తన పతనానికి బీజమెక్కడ పడిందో అతడే గుర్తు చేసుకుంటాడు. శూర్పణఖ దుఃఖానికి కరిగి, సోదరి పక్షాన నిలిచి, అగ్నిశిఖ వంటి జానకిని బంగారు ఇంటికి తెచ్చుకున్నానని వాపోతాడు. సోదరి మీది మమకారమే గురి తప్పి పరస్త్రీ అపహరణమయింది.

అయితే కవి ఈ అపరాధాన్ని కప్పిపుచ్చలేదు. నాల్గవ సర్గలో అశోకవనంలోని సీత తన కథను సరమకు చెప్పే ఘట్టాన్ని అత్యంత కరుణార్ద్రంగా చిత్రించారు. మొదటి సర్గలోనే వీరబాహుని తల్లి చిత్రాంగద నిండు కొలువులో ప్రవేశించి భర్తను నిలదీస్తుంది. దేశరక్షణ కోసం కుమారుడు ప్రాణమిచ్చాడని రావణుడు ఓదార్చబోగా, లంకకు ఈ ఆపద ఎవరి వలన వచ్చిందని ఆమె ప్రశ్నిస్తుంది. హేమన్ మాటకు క్రెయాన్ నిరుత్తరుడైనట్లే, ఆమె మాటకు రావణుని వద్దా సమాధానం లేదు. విధిని నిందిస్తాడు, యుద్ధాన్ని మాత్రం ఆపడు.

ఆరవ సర్గలో యజ్ఞశాలలో నిరాయుధుడైన మేఘనాదుడు ఆయుధం ధరించే వ్యవధి కోరినా లక్ష్మణుడు ఇవ్వడు. ద్వారం వద్ద పినతండ్రి విభీషణుడు అడ్డు నిలుస్తాడు. చివరి సర్గలో రావణుడు కుమారుని అంత్యక్రియలకై ఏడు దినాల యుద్ధవిరామం అర్థిస్తాడు. హెక్టర్ అంత్యక్రియలతో ముగిసే 'ఇలియడ్' స్ఫురణకు రాక మానదు. చితి ముందు నిలిచిన ఆ తండ్రిని చూసి, అతని నేరమెరిగిన పాఠకుడు సైతం చలించిపోతాడు. అరిస్టాటిల్ చెప్పిన కరుణ, భయం ఇవే.

ఆంధ్ర నాటకరంగంలో ఇటువంటి యత్నం చేసినవారు బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన 'విషాద సారంగధర' తెలుగులో తొలి విషాదాంత నాటకంగా ప్రసిద్ధి పొందింది. రాణి చిత్రాంగి నిందారోపణను నమ్మి, విచారణ లేకుండా కుమారుని కాలుసేతులు ఖండింపజేసిన రాజరాజనరేంద్రుని కథ అది. ఈ కథకు చరిత్రాధారం లేదు. 11వ శతాబ్దపు ఆ రాజు నన్నయ భారత రచనకు ప్రోత్సాహకుడు. అయినా కల్పిత కథలోని ఆ రాజు అరిస్టాటిల్ నిర్వచనానికి సరిగ్గా సరిపోతాడు. స్వజనమని కూడా చూడక దండించడం రాజుకు గుణం. ఎదుటివాని మాట వినకుండా దండించినపుడు ఆ గుణమే ఘోరమయింది.

ఏథెన్సు, లంక, రాజమహేంద్రవరం అనే ఈ మూడు రంగస్థలాలపైనా విషాదం ఒకే మార్గంలో వస్తుంది. క్రెయాన్‌కు శాసననిష్ఠ, రావణునికి బంధుప్రేమ, రాజరాజుకు న్యాయదీక్ష – ఏదీ దుర్గుణం కాదు. హితవు చెప్పినవారికి చెవి మూసిన క్షణాన ప్రతి ఒక్కటీ హద్దు దాటింది. హేమన్, చిత్రాంగద, సారంగధరుడు – చెప్పినవారు శత్రువులు కారు, కొడుకులు, భార్య. అధికారం ఎంత ఎత్తున ఉంటే, దగ్గరివారి మాట అంత దూరమవుతుందేమో!

1873 జూన్ 29న, భార్య హెన్రియెట్టా మరణించిన మూడవ నాడు, పేదరికంలో మధుసూదనుడు కోల్‌కతాలో తుదిశ్వాస విడిచారు. ఆయనను అపూర్వ కవిని చేసిన ఉదార సాహసమే, ధనం విషయంలో ఆయనను నిరాధారుని చేసింది. విద్యాసాగరుడు ఫ్రాన్సుకు సొమ్ము పంపి ఆదుకున్నా, ఆ కష్టాలకు అంతం లేకపోయింది. రావణుని అంత సానుభూతితో ఆయన ఎలా అర్థం చేసుకున్నారో వివరించడానికి ఆ జీవితమే వ్యాఖ్యానంగా నిలుస్తుంది.