కట్ట మీది తీరుబడి

చేతిలో పెద్దగా పైకం లేని కుటుంబం నిజామాబాద్, బోధన్ వైపు ఒక పూట సరదాగా గడపడానికి ఎక్కడికి పోతుంది? అలీసాగర్‌కు, జానకంపేట దగ్గరి అశోక్ సాగర్‌కు, బోధన్ బెల్లాల్ చెరువుకు, గోదావరిలో మంజీర కలిసే కందకుర్తికి. అన్నీ నీళ్ల ఒడ్లే. కందకుర్తి పుణ్యక్షేత్రం కాబట్టి దాన్ని పక్కన పెడితే, మిగతావి ముందుగా పొలం తడపడానికో ఊరి దాహం తీర్చడానికో నీళ్లు నిలిపిన చోట్లు. ఈ సీమలో సామాన్యుడికి సెలవు రోజును ఇచ్చింది పర్యాటక శాఖ కాదు, సేద్యం.

మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. సుమారు 2.75 లక్షల ఎకరాలు తడపాలన్న లెక్కతో ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాన్ని కట్టించాడు. ఎడపల్లి మండలంలోని అలీసాగర్ నిజాంసాగర్ కాలువ నీటిని నిలిపే జలాశయం. నీళ్లొచ్చాక చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1937లో బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీకి ప్రహరీ కట్టారు, గేటు పెట్టారు. చెరువు కట్టకు అది కుదరలేదు. తూము తెరవడానికి నీరటి రావాలి, తన వంతు చూసుకోవడానికి రైతు రావాలి, గొడ్లు నీళ్లకు దిగాలి. ఇంతమంది పని మీద నడిచే దారిని మూయడం ఎవరి తరమూ కాదు. సద్దుల నాడు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు నీళ్ల దాకా నడిచిందీ ఇలాంటి కట్టల మీదనే. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద విస్తరి వేసుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

అలీసాగర్ తోట, గుట్ట మీది విడిది దొరల కోసం కట్టినవే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, విడిది వాళ్లదే. కానీ ఆ విడిదికి అందం తెచ్చిన నీళ్లు ఊళ్లవి. మరి నీళ్ల కోసం కట్టని నిజామాబాద్ నగరంలోని ఖిల్లా సంగతి? అక్కడ రామాలయం ఉంది, జైలు నడిచింది. కవి దాశరథి కృష్ణమాచార్య ఆ జైలు గోడ మీద బొగ్గు ముక్కతో పద్యాలు రాశాడు, వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనతో పాటు అక్కడే బందీ. సామాన్యుడు తప్పించుకు తిరిగిన ఆ చోటు ఈరోజు మనం పిల్లలకు చూపించదగ్గ చోటు అయింది. ఆ ఖిల్లాను ఆనుకుని ఉన్నది కూడా రఘునాథ చెరువే!

ఉచితంగా వదిలేస్తే పాడవుతుంది, టికెట్టు పెడితేనే బాగుంటుంది అనే మాట ఇంకా గట్టిది. తోటకు, పడవకు రుసుము పెడితే నాకు అభ్యంతరం లేదు. కట్టకు పెట్టకూడదు. నిజాంసాగర్ కట్టిననాడు 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేది, ఇప్పటి సామర్థ్యం 17.8 టీఎంసీలు. ఆ తేడాను మింగింది పూడిక. ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నవాళ్ల వల్ల చెరువులు చెడలేదు, తీయాల్సిన మట్టి తీయకపోవడం వల్ల చెడ్డాయి. గేటు పెట్టిన ఫ్యాక్టరీ సంగతి చూడండి. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో అది ఆగిపోయింది. దాన్ని రప్పించిన నీళ్ల ఒడ్డుకు మాత్రం జనం ఇంకా వస్తూనే ఉన్నారు.

ఈ ఒడ్లకు చేరడమూ భారం కాదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఇంటి నుంచి తెచ్చిన టిఫిన్ డబ్బాతో రోజు గడిచిపోతుంది. కొరత ఉన్నది బస్సు దిగిన తర్వాతే. నిజామాబాద్ కార్పొరేషన్, బోధన్ మున్సిపాలిటీ తమ చెరువు కట్టల మీద ఒక మంచినీళ్ల కుళాయి, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, నాలుగు వేపచెట్ల నీడ సమకూర్చాలి. గేటు మాత్రం పెట్టొద్దు.