రోలెక్స్ వాచ్ తక్కువ ధరకే ఇస్తామంటున్నారా? డబ్బులు పంపే ముందు ఇవి చూసుకోండి

పాలకుర్తి: పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు.. ఫోన్లలో వాచ్‌ల ఫొటోలు తెగ తిరుగుతాయి. 'దుబాయ్ నుంచి తెచ్చింది.. బాక్స్, కార్డు అన్నీ ఉన్నాయి.. అర్జెంటుగా అమ్ముతున్నాం' అని మెసేజ్ వస్తుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా పాలకుర్తి లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు అలాంటి వాచ్‌ను కంపెనీ షోరూంలో చూపించాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. అందుకే చాలామంది రీల్స్‌లో చెప్పే చిట్కాలనే నమ్ముకుంటారు. కానీ అన్ని చిట్కాలూ ఇప్పుడు పనిచేయవు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. తేడా కనిపిస్తే నకిలీ అని అనుమానించొచ్చు. తేడా కనిపించలేదు కదా అని ఒరిజినల్ అని మాత్రం చెప్పలేం.

సెకన్ల ముల్లు చిట్కా
బ్యాటరీ వాచ్‌లో సెకన్ల ముల్లు సాధారణంగా సెకనుకోసారి ఆగి ఆగి కదులుతుంది. మెకానికల్ వాచ్‌లో జారుతున్నట్టు సాగుతుంది. ఇప్పటి రోలెక్స్‌లలో చాలావాటిలో ముల్లు సెకనుకు 8 సార్లు, అంటే గంటకు 28,800 సార్లు కదులుతుంది. కొత్త రోలెక్స్ అని చెప్పి ఇస్తే, అది టక్ టక్‌మని కదిలితే వదిలేయండి. అయితే ఇదే వేగంతో నడిచే మెషీన్లు ఇప్పుడు నకిలీల్లోనూ పెడుతున్నారు. పైగా ఒమెగా, కార్టియర్, టాగ్ హ్యూయర్ కంపెనీలు బ్యాటరీ మోడళ్లు కూడా అమ్ముతాయి. వాటికి ఈ చిట్కా వాడితే ఒరిజినల్‌నే నకిలీ అనుకుంటాం.

వెనక గ్లాస్ ఉంటే డూప్లికేటేనా?
రోలెక్స్ వాచ్‌లకు ఎక్కువగా వెనక స్టీలు లేదా బంగారు మూతే ఉంటుంది. కానీ 2023లో వచ్చిన '1908' మోడల్‌కు వెనక గ్లాస్ ఉంది. అంటే ముందు మోడల్ ఏదో తెలుసుకుని, కంపెనీ వెబ్‌సైట్‌లోని ఫొటోతో పోల్చి చూడాలి. తేదీ మీద ఉండే చిన్న లెన్స్ అంకెను రెండున్నర రెట్లు పెద్దగా చూపించాలి. చౌక నకిలీల్లో ఇక్కడే దొరికిపోతారు.

సీరియల్ నంబర్, కార్డు
వాచ్ మీది సీరియల్ నంబర్, వారంటీ కార్డు మీది నంబర్ ఒకటే కావాలి. తేడా ఉంటే కొనొద్దు. ఒకటే అయినా సంబరపడొద్దు. అసలు వాచ్ నంబర్‌నే కాపీ కొట్టి, కార్డు, బాక్స్ కూడా తయారుచేస్తున్నారు.

బంగారు నగకైతే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వచ్చేస్తాయి. వాచ్‌లకు అన్ని కంపెనీలకూ కలిపి అలాంటి సర్కారు యాప్ లేదు.

మరి ఏం చేయాలి?
- అమ్మే షాపు ఆ కంపెనీ అధీకృత డీలరా కాదా అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లోనే చూడండి. షాపువాళ్లు చూపించే సర్టిఫికెట్ సరిపోదు.
- సెకండ్ హ్యాండ్ అయితే కంపెనీ పథకం ఉందేమో చూడండి. రోలెక్స్ 2022 డిసెంబర్‌లో అలాంటి పథకం మొదలుపెట్టింది. అవి అధీకృత డీలర్ల దగ్గరే దొరుకుతాయి.
- బయటి వ్యక్తి దగ్గర కొంటే, అధీకృత సర్వీస్ సెంటర్‌లో వెనక మూత తీయించి లోపలి మెషీన్ చూపించండి. ఎక్కడపడితే అక్కడ మూత తీయిస్తే నీళ్లు పోకుండా ఉండే సీల్ పాడవుతుంది.
- బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి. విదేశం నుంచి తెచ్చిందంటే అక్కడి బిల్లు, కస్టమ్స్ రశీదు అడగండి.

తాత గారి హెచ్‌ఎంటీ సంగతేంటి?
ఇది ఖరీదైన వాచ్‌ల గొడవే కాదు. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన హెచ్‌ఎంటీ వాచ్‌లకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో గిరాకీ ఉంది. పాత మెషీన్‌కు కొత్తగా రంగు వేసిన డయల్ బిగించి, 'అరుదైన మోడల్' అని అమ్మేవాళ్లున్నారు. డయల్ కొత్తగా మెరుస్తూ, లోపల పాత మెషీన్ ఉంటే అనుమానించండి. ఇంట్లో ఉన్న పాత వాచ్‌కు డయల్ మార్పించకండి. అరిగినా సరే, అసలు డయల్‌కే విలువ.

మోసపోతే?
నకిలీ ట్రేడ్‌మార్క్ వేసి అమ్మడం నేరం. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా ఉంటుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అమ్మిన షాపు ఎక్కడున్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అయితే 'ఫస్ట్ కాపీ' అని తెలిసే కొంటే, మోసపోయామని వాదించడం కష్టం.

చివరగా అమ్మేవాళ్లను ఒక్క మాట అడగండి.. 'సర్వీస్ సెంటర్‌లో మూత తీసి చూశాకే డబ్బులిస్తా, వస్తారా?' అని. వంకలు చెబితే బేరం అక్కడే ఆపేయండి.